వాయించడం రాని పెద్దాయన

ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో మేం అద్దెకి దిగిన ఇంటి వెనక సందులో ఒక ఇనప సామాన్ల కొట్టు ఉండేది. నడుస్తోందో మూతపడిందో చూసేవాళ్ళకి తెలిసేది కాదు. తలుపు ఎప్పుడూ ఓరగా తెరిచే ఉండేది. లోపల మేకులూ, మరలూ, ఎండిపోయిన రంగు డబ్బాలూ. బయటి అద్దాల్లో మాత్రం సరుకుల ఊసే లేదు. ఆ అద్దం నిండా పాటల పోస్టర్లు అతికించి ఉండేవి. ఏ ఆదివారం ఎక్కడ ఎవరు వాయిస్తారో, పిల్లలకి ఎక్కడ నేర్పుతారో, అవన్నీ పెద్ద పెద్ద అక్షరాలతో, చేత్తో రాసినవి.

వంటింటి సింకు బిరడా పోతే, మా అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ కొట్టుకి వెళ్ళాను. కౌంటరు వెనక పొడుగాటి ముసలాయన, కొంచెం వంగిన భుజాలు, నెత్తిమీద నూలు టోపీ, ఒంటిమీద గోధుమరంగు కోటు. ఐర్లండ్‌కి వచ్చిన దగ్గర్నుంచీ కొత్తగా కలిసిన ప్రతివాళ్ళూ ముందు మీది ఏ దేశం అని అడిగేవారు. ఈయన అదేం అడగలేదు. బిరడా వెతుకుతూ మా అమ్మాయి వైపు తిరిగి, "మరి నువ్వేం వాయిస్తావు?" అన్నారు.

అది నా వెనక నక్కి, "నథింగ్" అంది.

"అంటే ఇంకా మొదలుపెట్టలేదన్నమాట," అన్నారాయన, అదేదో చిన్న ఆలస్యం అన్నట్టు.

బిరడా దొరకలేదు. దాని బదులు కౌంటరు కింద నుంచి ఆరు పలకల చిన్న పెట్టె ఒకటి తీశారు. రెండు చేతుల మధ్య పట్టుకుని, తిత్తిని సాగదీస్తూ మూస్తూ, అటూ ఇటూ ఉన్న మీటలు నొక్కి వాయించే వాయిద్యం. కాన్సర్టీనా అంటారు. మన హార్మోనియానికి చిట్టి చెల్లెలు అనుకోవచ్చు. దాన్ని మా అమ్మాయి చేతుల్లో పెట్టేశారు. నేను కంగారుపడి, వద్దు సర్, ఇది మేం తీసుకోలేం అంటున్నా వినలేదు.

"ఇది ఎవరిదీ కాదు. వాయించేవాళ్ళది. విసుగొచ్చిన రోజున తెచ్చివ్వండి. శనివారం పొద్దున్న ఈ వెనక గదిలోనే పిల్లలకి నేర్పుతారు. ఇంకో మాట, నన్ను సర్ అనకండి. మా బడి పంతులు గుర్తొచ్చి చేతులు వెనక్కి దాచుకోవాలనిపిస్తుంది."

అంత పెద్దాయన్ని ఇక్కడి వాళ్ళలా పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆ తర్వాతెప్పుడో అలవాటుగా "అంకుల్" అనేశాను. ఆయన టోపీ కాస్త పైకెత్తి, "నాకు ఉన్నది ఒక్క మేనల్లుడే. ఇవాళ్టి నుంచి మేనకోడలు కూడా అన్నమాట," అన్నారు. ఆ రోజు నుంచీ నన్ను నువ్వు అనడం మొదలుపెట్టారు. ఇంట్లో మాత్రం మేం పెద్దాయన అనే అనుకునేవాళ్ళం.

శనివారం పాఠాలు మొదలయ్యాక, ఆదివారం మధ్యాహ్నం పాపని పబ్‌కి తీసుకురమ్మన్నారు. నేను గతుక్కుమన్నాను. మాది తెనాలి. మా నాన్న చర్చిలో పాటల బృందాన్ని నడిపిన మనిషి. ఆడపిల్లని బార్‌కి తీసుకెళ్ళానని తెలిస్తే ఇంకేమైనా ఉందా? షానన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మావారు తెలివిగా తప్పుకున్నారు. "నువ్వు వెళ్ళి చూసిరా. బాగుంటే వచ్చే వారం నేనూ వస్తా," అన్నారు.

వెళ్ళి చూద్దును కదా, వెనక గదిలో కుంపటి పక్కన ఒకావిడ స్వెట్టర్ అల్లుకుంటోంది. తోపుడు బండిలో ఒక పసిపాప నిద్రపోతోంది. బల్లమీద ఇత్తడి టీ కెటిల్, హామ్ శాండ్‌విచ్‌లు. వాయించేవాళ్ళు గుండ్రంగా కూర్చున్నారు, వీపులు మా వైపు పెట్టి. సెషన్ అంటారు దీన్ని. వేదిక లేదు, మైకు లేదు, చప్పట్లు కూడా తక్కువే. తమలో తాము మాట్లాడుకుంటున్నట్టు వాయించుకుంటున్నారు. ఒక ఫ్లూటు, రెండు ఫిడేళ్ళు, ఒక డప్పు. ఒక పాట అయిపోతోంది అనుకునేలోపు ఊపిరి తీసుకోకుండా ఇంకోదాంట్లోకి జారిపోయేవారు.

పెద్దాయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్ళకి చోటు చూపిస్తున్నారు, బెరుకుగా ఉన్న పిల్లని నెమ్మదిగా ఆ వలయంలోకి తోస్తున్నారు, టీ అయిపోతే పరుగెత్తుతున్నారు. ఆయన ఎప్పుడు కూర్చుని వాయిస్తారా అని చాలాసేపు చూశాను. చివరికి ఉండబట్టలేక అడిగాను.

"మీరేం వాయిస్తారు అంకుల్?"

"నేనా? కుర్చీలు వేస్తాను."

నిజంగానే ఆయనకి ఏ వాయిద్యమూ రాదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఫిడేలు కొనిచ్చాడట. కొన్నాళ్ళు విన్నాక ఆ నాన్నే దాన్ని అటక మీద దాచేశాడట. "ఇంట్లో అందరూ ప్రశాంతంగా బతికారు," అని నవ్వేవారు. కానీ పాటంటే చెవి కోసుకునే మనిషి. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో ఎవరి దగ్గర పాత పాట ఉందో, ఎవరి ఫిడేలు మంచం కింద దుమ్ము పట్టి ఉందో, ఎవరు పెళ్ళయ్యాక మానేశారో, అదే ఆయన ధ్యాస. కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగేవారు. మన ఊళ్ళల్లో పెళ్ళికి ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచినట్టు, ప్రతి వారం, ప్రతి ఒక్కరినీ, కొత్తగా పిలిచేవారు. వస్తారని తెలిసినవాళ్ళని కూడా.

ఒకసారి నేను, "వేసవిలో టూరిస్టులు ఎలాగూ వస్తారు కదా, పాటకి ఢోకా ఏముంది?" అన్నాను.

"టూరిస్టులు రావాలి, నాకూ ఇష్టమే. కానీ జనవరిలో, వానలో, వినడానికి ఎవరూ రాని ఆదివారం కూడా వాయించుకుంటే, అప్పుడు అది మనది," అన్నారు.

నేను లిమరిక్‌లో నర్సుగా చేసేదాన్ని. శని ఆదివారాలు ఎక్కువ డ్యూటీ పడి, వారం మధ్యలో సెలవు దొరికేది. అలాంటి ఒక సెలవురోజు, వాన జల్లు పడుతుండగా, పెద్దాయన పోస్టర్ల చుట్ట చంకలో పెట్టుకుని గోడ దగ్గర నిలబడి కనిపించారు. పోస్టరు అంటించి, ముక్కు గోడకి తగిలేంత దగ్గరికి వంగి, అది నిటారుగా ఉందో లేదో వేళ్ళతో తడిమి చూసుకుంటున్నారు. ఆసుపత్రిలో ఇలా తడుముకునేవాళ్ళని చాలామందిని చూశాను. నాకు విషయం అర్థమైంది.

"కళ్ళు ఎప్పట్నుంచి ఇలా?" అన్నాను, పలకరింపు కూడా లేకుండా.

ఆయన చుట్టూ చూశారు, ఎవరైనా విన్నారేమోనని. మధ్యలో మసకగా ఉంటుందట, పక్కల నుంచి మాత్రం కనిపిస్తుందట. డాక్టరు కారు నడపొద్దని చెప్పేశాడట. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. చెబితే అందరూ అయ్యో అని ఇంట్లో కూర్చోమంటారని భయం. "ఐ'మ్ గ్రాండ్," అన్నారు. ఇక్కడివాళ్ళు కాలు విరిగినా ఆ మాటే అంటారు.

"రండి, నా కారెక్కండి. ఎక్కడికెళ్ళాలి?"

"నీకు ఇంట్లో పని లేదూ?"

"బట్టలు మడతపెట్టాలి."

"అవి ఎక్కడికీ పోవు," అని ఆలోచించకుండా ఎక్కేశారు.

అలా మొదలైంది. నా సెలవురోజు పెద్దాయన రోజు అయిపోయింది. బడుల్లో, చర్చి హాళ్ళలో, కిరాణా కొట్లలో పోస్టర్లు అతికించేవాళ్ళం. పోస్టరు పట్టుకోవడం ఆయన వంతు, నిటారుగా ఉందని చెప్పడం నా వంతు. తర్వాత మనుషుల దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే ఫ్లూటు కుర్రాడు, ఆవుల్ని సాకే ఫిడేలు అన్నదమ్ములు. నేను ఈ దేశంలో రోడ్లు నేర్చుకున్నది ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే. కళ్ళు సరిగా కనిపించకపోయినా, "ఇక్కడ ఎడమకి, ఆ తర్వాత వంతెన వస్తుంది," అని ఠక్కున చెప్పేవారు.

ఆయన అన్నిటికంటే ఎక్కువ ఆశపడే ఇల్లు మా ఎన్నిస్ ఉన్న క్లేర్ కౌంటీలోనే, తూర్పు కొండల్లో ఉండేది. కారు పట్టీ పట్టనట్టుండే మట్టిదారి చివర, సున్నం వేసిన ఇల్లు. అందులో ఒక పెద్దావిడ ఒక్కతే. ఆవిడా, వాళ్ళన్నయ్యా కలిసి వాయించేవారట, ఆవిడ కాన్సర్టీనా, అన్నయ్య ఫ్లూటు. ఆ కాలంలో ఆ ఇంటి వంటగదిలో డాన్సు ఉందంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలేవట. ఇప్పుడందరూ వడివడిగా వాయించే పాటల్ని ఆవిడ తీరిగ్గా, ఒక్కో స్వరాన్నీ నిలబెట్టి వాయించేదట. అన్నయ్య పోయాక ఆవిడ పెట్టె మూసేసింది. ఆ మాట ఎవరూ ఎత్తకూడదని ఊళ్ళో ఒక కట్టుబాటులా అయిపోయింది.

"ఆవిడతో పాటే పోయే పాటలున్నాయి," అని దారిలో చెప్పారు పెద్దాయన. అందుకని లోపలికి వెళ్ళగానే బతిమాలతారనుకున్నాను. అబ్బే. టీ తాగారు. ఆవుల గురించి, వాన గురించి, ఎవరెవరు పోయారో వాళ్ళ గురించి మాట్లాడారు. ఆవిడ చేసిన బ్రౌన్ బ్రెడ్ మెచ్చుకున్నారు. లేచి వచ్చేశాం. మళ్ళీ కొన్ని వారాలకి వెళ్ళాం. మళ్ళీ అదే టీ, అవే ఆవులు.

చలికాలం వచ్చింది. ఒకరోజు తిరిగొస్తూ, "అడగరేం?" అన్నాను.

"అడిగితే కాదంటుంది. ఒకసారి కాదన్నాక మళ్ళీ అవును అనడానికి ఆవిడకి దారి ఉండదు. అంత పౌరుషం గల మనిషి. అందుకే ఆవిడంతట ఆవిడ అనేదాకా ఆగాలి."

ఆ మాట నాకు నచ్చింది. ఎంత మర్యాద అనుకున్నాను. కానీ నేను నర్సుని. నొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి, మందు వేసుకున్నారా, అని రోజంతా ముక్కుసూటిగా అడగడమే నా పని. ఇంకోపక్క నేను ఆవిడ చేతుల్ని చూస్తూనే ఉన్నాను. ఆ వయసు వాళ్ళకి వేళ్ళ కణుపులు బిగుసుకుపోతాయి. ఆవిడవి పోలేదు. రేడియోలో ఏదైనా పాట వస్తే చాలు, బల్లమీద పరిచిన ఆయిల్‌క్లాత్ మీద ఆ వేళ్ళు చకచకా కదిలేవి.

ఈస్టర్‌కి కాస్త ముందనుకుంటాను, ఒక బుధవారం అలాగే కూర్చుని ఉన్నాం. రేడియో మోగుతోంది. ఆవిడ వేళ్ళు ఆడుతున్నాయి. నాకు నోరు ఆగలేదు.

"మీ వేళ్ళు చక్కగా ఉన్నాయి కదండీ. మరి వాయించడం ఎందుకు మానేశారు?"

పెద్దాయన కప్పు సాసర్‌లో టక్కున పెట్టారు. ఆయన మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. గదిలో ఉన్న కుక్క కూడా తలెత్తి చూసినట్టనిపించింది. ఆవిడ నా వైపు తిరిగింది.

"ఎలకలు," అంది.

"ఏంటండీ?"

"ఎలకలు కొరికేశాయి. మా అన్నయ్య పోయిన చలికాలం మా చెల్లెలి కూతురి దగ్గరికి వెళ్ళి ఉన్నాను. వచ్చి చూస్తే తిత్తి అంతా తినేశాయి. బాగుచేసే ఆయన అప్పటికే పోయాడు. ఎవరైనా అడుగుతారేమో, అడిగితే చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు."

పెద్దాయన, "నీకు బాధగా ఉంటుందని..." అన్నారు.

"బాధే," అంది ఆవిడ. "కానీ ఎలకలు కూడా."

లేచి వెళ్ళి, గోడలో ఉన్న ప్రెస్ తెరిచింది. కప్పులు, పళ్ళేలు పెట్టుకునే అలమరని ఇక్కడ అలాగే అంటారు. పళ్ళేల వెనక నుంచి దుప్పటి ముక్కలో చుట్టిన పెట్టె తీసి పెద్దాయన ఒళ్ళో పెట్టింది. ఆయన దాన్ని తెరిచి, కనిపించకపోయినా, చిరిగిన తిత్తి మడతల్ని ఒక్కొక్కటే తడిమారు. పసిపిల్లకి తగిలిన దెబ్బని చూస్తున్నట్టు.

కారెక్కి గేటు దాటాం. నన్ను తిడతారేమో అనుకున్నాను. ఉన్నట్టుండి ఆయన భుజాలు అదరడం మొదలుపెట్టాయి. "ఎలకలు!" అన్నారు. అంతే, ఇద్దరికీ నవ్వు ఆగలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగి దారి కనిపించక కారు పక్కకి ఆపేశాను. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఆయన కిటికీ వైపు తిరిగారు.

"ఇన్నేళ్ళు," అన్నారు కాసేపటికి. "మర్యాద అనుకుంటూ ఎంత కాలం పోగొట్టుకున్నాం."

"మీరు అన్నిసార్లు ఊరికే టీ తాగడానికి వెళ్ళబట్టే ఆవిడ నాకు జవాబు చెప్పింది అంకుల్. కొత్తదాన్ని నేనొక్కదాన్నే వెళ్ళి అడిగితే కుక్కని ఉసిగొల్పేది."

"అదీ నిజమే," అన్నారు, బాగుచేయిస్తానని తెచ్చిన ఆ పెట్టెని ఒళ్ళో సర్దుకుంటూ.

స్లైగో వైపు కాన్సర్టీనాలు చేసే ఒకతను ఉన్నాడని ఆయనకి తెలుసు. పెట్టెని నేనూ మావారూ కలిసి కారులో తీసుకెళ్ళి ఇచ్చొచ్చాం. పెద్దాయన వెనక సీట్లో దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నారు, పక్కన పెట్టమన్నా వినలేదు. చెట్లన్నీ ఆకులు తొడిగి, రాత్రి పదింటిదాకా పొద్దు గుంకని రోజుల్లో అది బాగై వచ్చింది.

దాన్ని ఆవిడకి ఇవ్వడానికి వెళ్ళిన రోజు బడికి సెలవు కావడంతో మా అమ్మాయి కూడా మాతో వచ్చింది. ఆవిడ చేతులు కడుక్కుని, ఏప్రన్‌కి తుడుచుకుని, కుర్చీ తలుపు దగ్గరికి జరుపుకుని కూర్చుంది. మొదట్లో రెండు మూడుసార్లు స్వరం తప్పి, తనలో తాను ఏదో గొణుక్కుంది. తర్వాత దొరికింది. అది డాన్సు పాటే, కానీ నేను ఆదివారాలు వినేలాంటిది కాదు. పరుగు లేదు. ఒక మనిషి పొలం గట్టు మీద ఎవరికోసమో ఆగి, వాళ్ళు వచ్చాక కలిసి నడిచినట్టుంది. పెద్దాయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. ఆయన తల మీద జుట్టు ఎంత పల్చగా ఉందో అప్పుడే చూశాను. ఆవిడ ఆపింది. మా అమ్మాయే, "కెన్ యూ డూ ఇట్ అగైన్?" అంది, పక్కా క్లేర్ యాసలో.

ఆవిడ దాని వైపు చూసి, "మాట మా ఊరిదే. చెయ్యి కూడా మా ఊరిది అవుతుందేమో చూద్దాం. ఇలా రా," అంది.

అప్పట్నుంచి బుధవారం బడి అయిపోగానే మా అమ్మాయి కూడా మాతో కొండెక్కేది. వాళ్ళిద్దరూ వంటగదిలో తిత్తులు సాగదీస్తుంటే, పెద్దాయన బయట బల్ల మీద గోడకి ఆనుకుని కూర్చుని వినేవారు. నేను ఆ పక్కన బ్లాక్‌బెర్రీ పొదల దగ్గర తచ్చాడేదాన్ని. ఆ వేసవి చివర ఆవిడ మొదటిసారి ఎన్నిస్‌కి, ఆదివారం సెషన్‌కి వచ్చింది. పెద్దాయన ఎవరికీ ముందుగా చెప్పలేదు, పోస్టరు మీదా రాయలేదు. కుంపటి పక్క కుర్చీ మాత్రం పొద్దున్నించీ ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆవిడ వాయించడం మొదలుపెట్టగానే వడివడిగా వాయించే కుర్రాళ్ళు తమ చేతులు ఆపేసి, తలలు వంచుకుని విన్నారు. పెద్దాయన తన తలుపు దగ్గరే నిలబడి, టీ కెటిల్ పట్టుకుని, పోయడం మర్చిపోయారు.

తర్వాతి చలికాలానికి ఆయన గుండె బలహీనపడింది. నేను పనిచేసే ఊళ్ళోనే ఆసుపత్రిలో ఉంచారు. నా డ్యూటీ అయ్యాక వెళ్ళి కూర్చునేదాన్ని. కాళ్ళు వాచాయి, రెండు మాటలకే ఆయాసం. అయినా ముందు అడిగేది ఆదివారం సంగతే. మా అమ్మాయి సెషన్‌ని ఫోన్‌లో రికార్డు చేసి పంపేది. నేను ఫోను ఆయన చెవి దగ్గర పెట్టేదాన్ని. కళ్ళు మూసుకుని వినేవారు.

ఒకసారి మధ్యలో చెయ్యెత్తి ఆపమన్నారు. "ఫ్లూటు రాలేదేం?"

"జ్వరమట అంకుల్."

"ఎవరైనా వెళ్ళి చూశారా?"

ఎవరూ వెళ్ళలేదని నాకు తెలుసు. మర్నాడు పొద్దున్న మిరియాల చారు కాచి, ఫ్లాస్కులో పోసుకుని, ఆ కుర్రాడింటికి వెళ్ళాను. పెద్దాయన పంపారని చెప్పాను. చారు ఒక గుక్క తాగి, దగ్గి, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు, మిరియాలకో మరి దేనికో. తర్వాతి ఆదివారం రికార్డింగులో ఫ్లూటు వినిపించగానే పెద్దాయన నా వైపు తల తిప్పి, తృప్తిగా ఊపారు.

మార్చి నెలాఖరులో ఆయన పోయారు. నిద్రలో పోయారని, నా డ్యూటీ మొదలవకముందే, ఆ వార్డులో పనిచేసే స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. నేను యూనిఫాం వేసుకుని వంటింట్లో నిలబడి ఉన్నాను. మా అమ్మాయి లేచి వచ్చి, నా మొహం చూసి, నన్ను పట్టుకుంది. తర్వాత, "అమ్మా, హూ'స్ గోయింగ్ టు టెల్ ఎవ్రీవన్?" అంది. నిజమే. ఊళ్ళో అందరికీ కబురు అందించే మనిషే ఆయన.

కబురు దానంతట అదే అందింది. ఇక్కడ మనిషి పోతే ఇంట్లోనే ఉంచి, తలుపులు తెరిచి పెడతారు. కొట్టు పైన ఉన్న ఆయన ముందుగదిలో శవపేటిక ఉంచారు. సందు చివరి దాకా జనం వరస కట్టారు. ఒక్కొక్కరే వచ్చి, ఆయన చేతిని తాకి, మేనల్లుడి చెయ్యి పట్టుకుని, "మీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది," అని చెప్పి వెళ్తున్నారు. ఇక్కడ అందరూ అనేది ఆ ఒక్క వాక్యమే. మొదట్లో అది నాకు పొడిగా అనిపించేది. ఆ రోజు నేనూ అదే అన్నాను. కింద కొట్టులో, మేకుల డబ్బాల మధ్య, వాయించేవాళ్ళు కూర్చుని నెమ్మదిగా వాయిస్తూనే ఉన్నారు. నేను పులిహోర కలిపి తీసుకెళ్ళాను. శాండ్‌విచ్‌ల పక్కన పెడితే ఎవరు ముట్టుకుంటారులే అనుకున్నాను, గిన్నె ఖాళీ అయింది. మిగతా ఆడవాళ్ళతో పాటు సింకు దగ్గర నిలబడి కప్పులు కడుగుతూ ఉండిపోయాను. చేతులకి పని ఉంటే నయంగా అనిపించింది.

మేనల్లుడు డబ్లిన్ దగ్గరి స్వోర్డ్స్ నుంచి వచ్చాడు, అక్కడి విమానాశ్రయంలో పని చేస్తాడట. నడివయసు మనిషి. గోడల నిండా వేలాడుతున్న ఫిడేళ్ళనీ, ఫ్లూట్లనీ చూసి, కప్పులు తుడుస్తున్న నన్ను అడిగాడు. "మా మావయ్య అసలు వీటిలో ఏది వాయించేవాడండీ? నా చిన్నప్పుడు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి నేర్చుకోమని వెంటపడేవాడు. నేనే తప్పించుకు తిరిగాను."

"ఏదీ వాయించేవారు కాదు," అన్నాను.

అతను నమ్మలేదు. కిందకి వెళ్ళి ఇంకెవర్నో అడిగాడు. వాళ్ళూ అదే చెప్పారు. కొంచెంసేపయ్యాక చూస్తే అతను మెట్ల మీద కూర్చుని, టై వదులు చేసుకుని, పాటలు వింటున్నాడు.

ఖననం అయిన తర్వాతి ఆదివారం సెషన్ ఉంటుందో ఉండదో ఎవరికీ తెలీదు. పోస్టరు లేదు, పిలుపు లేదు. ఎవరూ రారులే, కానీ కొండమీది ఆవిడ వచ్చి ఒక్కతే కూర్చుంటే బాగుండదు అనుకుని, ముగ్గురం వెళ్ళి ఆవిడని కారులో ఎక్కించుకొచ్చాం. మేం వెళ్ళేసరికి గదిలో ఫ్లూటు కుర్రాడు ఉన్నాడు. తర్వాత ఫిడేలు అన్నదమ్ములు వచ్చారు. తర్వాత స్వెట్టర్ అల్లుకునే ఆవిడ. ఇంకా ఇంకా వచ్చారు. ఎవరిని అడిగినా ఒకటే మాట: ఎవరూ రారేమో, వచ్చినవాళ్ళు ఒంటరిగా ఉండకూడదని వచ్చాం.

అందరూ పెట్టెలు తెరిచారు, శ్రుతులు చూసుకున్నారు. కానీ ఎవరూ మొదలుపెట్టలేదు. ఎప్పుడూ పెద్దాయనే గది కలయజూసి, "సరే మరి," అనేవారు. అప్పుడు ఎవరో ఒకరు అందుకునేవారు. ఇప్పుడా మాట అనేవాళ్ళు లేరు. కుంపట్లో నిప్పు చిటపటలాడుతోంది. మా అమ్మాయి నా వైపు చూసింది. నేను లేచి, ఖాళీగా ఉన్న రెండు కుర్చీలు తెచ్చి వలయంలో వేశాను. కొండమీది ఆవిడ, ఎవరి వైపూ చూడకుండా, తనదైన ఆ తీరికైన నడకలో మొదలుపెట్టింది. మా అమ్మాయి రెండో విడతకి అందుకుంది. తర్వాత అందరూ.

సాయంత్రం ఆవిడని దిగబెట్టడానికి బయల్దేరాం. ఇక్కడ మార్చి చివర్లో గడియారాలు గంట ముందుకి జరుపుతారు కాబట్టి ఇంకా వెలుతురుంది. మావారు డ్రైవింగ్, మా అమ్మాయి ముందు సీట్లో నిద్రపోయింది. వెనక నేనూ ఆవిడా. కొండ ఎక్కుతుండగా ఆవిడ ఉన్నట్టుండి పెద్దాయన మాట ఎత్తింది.

"వయసులో ఉన్నప్పుడు ప్రతి డాన్సుకీ మా ఇంటికొచ్చేవాడు. డాన్సు చేసేవాడు కాదు. తలుపు దగ్గర నిలబడి నా వైపే చూసేవాడు. మా అన్నయ్య ఏడిపించేవాడు. మా అమ్మ అయితే సంబంధం కుదురుతుందని కొత్త కర్టెన్లు కూడా కుట్టింది."

"మరి?"

"మరేముంది. నన్ను కాదు, నా చేతుల్ని చూసేవాడు. పాట కోసం వచ్చేవాడు, వినేవాడు, పోయేవాడు. కొన్నేళ్ళ పాటు కోపంగా ఉండేదాన్ని."

నాకు నవ్వాలో వద్దో తెలీలేదు. ఆవిడే ముందు నవ్వింది, చిన్నగా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. నేనూ నవ్వేశాను. కారు మట్టిదారిలోకి తిరిగింది. గేటు దగ్గర కుక్క మొరుగుతూ ఎదురొచ్చింది.

"లోపలికి రండి," అంది ఆవిడ, కర్ర అందుకుంటూ. "పిల్లకి ఆకలేస్తుంటుంది. రొట్టె పొద్దున్నే చేశాను."